పెట్టుబడుల లెక్క చూసే చిన్న ప్రోగ్రామ్: క్లాసులు ఎక్కడ విడగొట్టాలి?

ఆవర్జా (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పైథాన్‌లో ఫంక్షన్లు, లిస్టులు, డిక్షనరీలు చేతికి వచ్చేశాయి. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ దగ్గరికి వచ్చేసరికి ఏ పాఠం తెరిచినా కుక్క మొరుగుతుంది, పిల్లి మ్యావ్ అంటుంది, రెండూ జంతువు అనే క్లాసుకి పిల్లలు. చదువుతుంటే అర్థమవుతోంది కానీ దాంతో నిజంగా ఏం కట్టాలో తెలియట్లేదు. అందుకని నాకే పనికొచ్చేది ఒకటి మొదలుపెట్టాను: పెట్టుబడుల లెక్క చూసే ప్రోగ్రామ్. వెబ్‌సైటు, యాప్ ఏమీ లేవు, టెర్మినల్‌లో నడిస్తే చాలు. ఎప్పుడు ఏం కొన్నాను, ఎంత అమ్మాను, ఇప్పుడు విలువ ఎంత, లాభమా నష్టమా, ఇంతే కావాలి.

ప్రస్తుతం ఇన్వెస్ట్‌మెంట్ అని ఒకే క్లాసు ఉంది. లోపల నాలుగు: పేరు, ఎన్ని యూనిట్లు, కొన్న ధర, ఇప్పటి ధర. రెండు మెథడ్లు: విలువ చెప్పేది ఒకటి, లాభం చెప్పేది ఒకటి. ఒక షేరు ఒక్కసారే కొన్నంతవరకు చక్కగా నడుస్తోంది.

ఇప్పుడు నా సందేహాలు.

ఒకే షేరు 100 చొప్పున 10 కొన్నాను, తర్వాత 130 చొప్పున ఇంకో 10 కొన్నాను అనుకోండి. రెండో కొనుగోలుకి వేరే ఆబ్జెక్ట్ చేయాలా? పాత ఆబ్జెక్ట్‌లోనే ధరను 115 అని మార్చేయాలా? ఆ తర్వాత 150 చొప్పున 12 అమ్మితే యూనిట్లు 8కి తగ్గిస్తాను, సరే. మరి ఆ 12 మీద వచ్చిన లాభం ఎక్కడ ఉండాలి? యూనిట్లు తగ్గించగానే ఆ లాభం ప్రోగ్రామ్‌లోంచే మాయమైపోతోంది.

ఇన్‌హెరిటెన్స్ (తల్లి క్లాసులో ఉన్నవి పిల్లల క్లాసులకి రావడం) సంగతి. ఇన్వెస్ట్‌మెంట్ తల్లి క్లాసు, దాని కింద షేరు, మ్యూచువల్ ఫండ్, బాండ్, ఫిక్స్‌డ్ డిపాజిట్, బంగారం అని పిల్లల క్లాసులు పెట్టాలా? పెడితే ఎక్కడ ఆపాలి?

ఇంకొకటి, ఇప్పటి ధరను ఆ క్లాసే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవాలా, బయటినుంచి ఇవ్వాలా?

కోడ్ కన్నా కారణాలు చెబితే నాకు ఎక్కువ ఉపయోగం. స్ప్రెడ్‌షీట్ చాలు కదా అనకండి, అది ఉంది. నేర్చుకోవడమే ఇక్కడ పని.

చిట్టా

ఆవర్జా గారూ, మీరు అడిగిన క్రమంలోనే జవాబు దాగుంది. రెండో కొనుగోలు వచ్చిన క్షణంలోనే మీ క్లాసు ఇరుకైపోయింది చూడండి, అక్కడే ఆగి ఆలోచించాలి. మీరు ఇన్వెస్ట్‌మెంట్ అని ఒకే పేరు పెట్టిన చోట నిజానికి మూడు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి ఆ షేరు, అంటే మీరు కొన్నా కొనకపోయినా మార్కెట్లో ఉండేది. రెండోది జరిగిన లావాదేవీ: ఫలానా తేదీన, ఇన్ని యూనిట్లు, ఇంత ధరకి. మూడోది ఈ రోజు మీ చేతిలో ఎంత ఉంది అన్న లెక్క. ఈ మూడూ మారే తీరు వేరు. షేరు పేరు ఎప్పుడో గాని మారదు. జరిగిన లావాదేవీ ఎప్పటికీ మారదు. చేతిలో ఉన్నది మాత్రం ప్రతి లావాదేవీకీ మారుతుంది. మారే తీరు వేరైనవాటిని ఒకే క్లాసులో ఉంచితే మీకొచ్చిన ఇబ్బందులే వస్తాయి.

నేనైతే ఇలా విడగొడతాను. ఇన్‌స్ట్రుమెంట్: పేరు, సింబల్, రకం. దీనికి మీరెవరో తెలియదు, మీ దగ్గర ఎన్ని ఉన్నాయో అసలే తెలియదు. ట్రాన్సాక్షన్: తేదీ, ఏ ఇన్‌స్ట్రుమెంట్, కొనుగోలా అమ్మకమా, యూనిట్లు, ధర, ఛార్జీలు. హోల్డింగ్: ఒక ఇన్‌స్ట్రుమెంట్‌కి సంబంధించిన ట్రాన్సాక్షన్లన్నీ తేదీ వరుసలో చదివి, చేతిలో మిగిలింది ఎంత, దానికి పెట్టిన ఖర్చెంత, ఇప్పటిదాకా అమ్మి సంపాదించింది ఎంత అని చెప్పేది. పోర్ట్‌ఫోలియో: వీటన్నిటినీ పట్టుకునేది.

ఈ పద్ధతికి ప్రాణం ట్రాన్సాక్షన్. బ్యాంకు పాస్‌బుక్‌లో పాత వరుస చెరిపి దిద్దరు కదా, తప్పు పడితే దాన్ని సరిచేసే కొత్త వరుస వేస్తారు. ఇదీ అంతే. పైథాన్ 3.7 నుంచి డేటాక్లాస్ (డేటా పట్టుకునే క్లాసును తేలిగ్గా రాసే సదుపాయం) ఉంది, దానికి ఫ్రోజెన్=ట్రూ అని ఇస్తే ఆబ్జెక్ట్ ఒకసారి తయారయ్యాక ఎవరు మార్చబోయినా ఎర్రర్ వస్తుంది. ట్రాన్సాక్షన్‌కి అది తప్పకుండా పెట్టండి. డిస్క్‌లో దాచేది కూడా ఈ ట్రాన్సాక్షన్లనే. హోల్డింగ్‌ను ఎక్కడా దాచొద్దు, కావాల్సినప్పుడల్లా మళ్లీ లెక్కగట్టండి. వేల వరుసలున్నా కంప్యూటర్‌కి అది కన్ను మూసి తెరిచేంత పని. లెక్కగట్టి తెలుసుకోగలిగినదాన్ని విడిగా దాస్తే, ఏదో ఒక రోజు దాచినదానికీ అసలుదానికీ పొంతన కుదరదు. అప్పుడు ఏది నమ్మాలో తెలియదు.

ఇక మీ ఉదాహరణే తీసుకుందాం. 100 చొప్పున 10, 130 చొప్పున 10. మొత్తం ఖర్చు 2300. 150 చొప్పున 12 అమ్మారు, చేతికి వచ్చింది 1800. ఆ 12 యూనిట్ల ఖర్చు ఎంత అన్నదే అసలు ప్రశ్న.

సగటు పద్ధతిలో యూనిట్ ఖర్చు 115, కాబట్టి 12 యూనిట్లకి 1380, లాభం 420. మిగిలిన 8 యూనిట్ల ఖర్చు 920. ముందు కొన్నవి ముందు అమ్ముడైనట్టు లెక్కిస్తే (దీన్నే ఫీఫో అంటారు) తొలి 10కి 1000, రెండో లాట్‌లో (లాట్ అంటే ఒక్కసారి కొన్న యూనిట్ల గుంపు) 2కి 260, మొత్తం 1260, లాభం 540. మిగిలిన 8 యూనిట్ల ఖర్చు 1040. రెండూ సరైన లెక్కలే. ఏది వాడాలి అనేది మీరుండే దేశపు పన్ను నియమాల మీద, మీరు కొన్నదేమిటి అన్నదాని మీద ఆధారపడుతుంది.

కుక్క మొరిగే పాఠం ఇక్కడ పనికొస్తుంది. కాస్ట్ మెథడ్ అని ఒక చిన్న ఆబ్జెక్ట్ అనుకోండి. దాని పని ఒక్కటే: ఈ లాట్లున్నాయి, ఇన్ని యూనిట్లు అమ్ముతున్నాం, ఖర్చెంత, మిగిలినవేవి? సగటు లెక్కకి ఒక క్లాసు, ఫీఫోకి ఒక క్లాసు. రెండింటిలోనూ ఒకే పేరున్న మెథడ్. హోల్డింగ్‌ను తయారుచేసేటప్పుడు ఏదో ఒకటి చేతికిస్తారు. అదేదో హోల్డింగ్‌కి తెలియనక్కర్లేదు, పిలుస్తుంది, జవాబు తీసుకుంటుంది. పాలిమార్ఫిజం అంటే ఇదే. రేపు ఫలానా లాట్‌నే అమ్మాను అని చెప్పాల్సి వస్తే మూడో క్లాసు రాస్తారు, హోల్డింగ్‌లో ఒక్క వరుస కూడా ముట్టుకోరు.

ఇన్‌హెరిటెన్స్ విషయానికొస్తే, ప్రతిసారీ ఒకే ప్రశ్న వేసుకోండి: తేడా ప్రవర్తనలో ఉందా, వివరంలోనేనా? షేరుకీ మ్యూచువల్ ఫండ్‌కీ విలువ లెక్కగట్టే తీరు ఒక్కటే, యూనిట్లు × ధర. ఫండ్ యూనిట్లు దశాంశాల్లో వస్తాయి కాబట్టి యూనిట్లను పూర్ణాంకం అని బిగించకండి, అంతే. బంగారమూ అంతే, యూనిట్ బదులు గ్రాము. వీటికి మూడు క్లాసులు అనవసరం, రకం అని ఒక ఫీల్డ్ చాలు. ఫిక్స్‌డ్ డిపాజిట్ అలా కాదు. దానికి మార్కెట్ ధర లేదు. 10000 పెట్టి ఏడాదికి 8 శాతం, మూడు నెలలకోసారి చక్రవడ్డీ అంటే, ఏడాది చివర 10000ని 1.02తో నాలుగుసార్లు గుణించాలి, 10824.32 వస్తుంది. ఇక్కడ ప్రవర్తనే వేరు. కాబట్టి విడగొట్టాల్సింది విలువ కట్టే పద్ధతిని: మార్కెట్ ధరతో కట్టేది ఒకటి, వడ్డీతో కట్టేది ఒకటి. రెండూ జవాబు చెప్పే ప్రశ్న ఒకటే, ఈ తేదీకి విలువ ఎంత?

ఆ తేదీ అనేది చాలా ముఖ్యం. లోపలెక్కడా ఈ రోజు తేదీని క్లాసే తెచ్చుకోకూడదు. బయటినుంచి అడగాలి. అప్పుడే పోయిన ఏడాది చివర నా పరిస్థితేంటి అని అదే కోడ్‌ని అడగగలుగుతారు.

ధర కూడా బయటినుంచే. ప్రైస్ సోర్స్ అని ఒక ఆబ్జెక్ట్, దానికి ఇన్‌స్ట్రుమెంట్, తేదీ ఇస్తే ధర చెబుతుంది. మొదటిది ఒక మామూలు డిక్షనరీని చుట్టి రాయండి. తర్వాత ఫైలు నుంచి చదివేది. ఇంటర్నెట్ నుంచి తెచ్చేది అన్నిటికన్నా ఆఖరున. షేరు క్లాసే నెట్‌కి వెళ్లి ధర తెచ్చుకుంటే, నెట్ లేనప్పుడు మీ 2300 లెక్క కూడా టెస్ట్ చేయలేరు.

దశాంశం

చిట్టా గారు చెప్పిన విభజన నాకు బాగా నచ్చింది. దానికి ముందు తేల్చుకోవాల్సిన విషయం ఇంకోటి ఉంది, ఇది గట్టిగా చెప్పాలనుంది: డబ్బుకి ఫ్లోట్ (పైథాన్‌లో దశాంశ సంఖ్యలకి మామూలుగా వచ్చే రకం) వాడకండి.

పైథాన్ తెరిచి 0.1ని పదిసార్లు లూప్‌లో కూడి చూడండి. 1.0 రాదు, 0.9999999999999999 వస్తుంది. భాషలో లోపం లేదు. ఫ్లోట్ సంఖ్యలు బైనరీలో ఉంటాయి, బైనరీలో పదో వంతును కచ్చితంగా రాయడం కుదరదు, మూడో వంతును దశాంశాల్లో పూర్తిగా రాయలేనట్టే. ఏ భాషలోనైనా ఇదే తంతు.

ఇంత చిన్న తేడాకి ఏమవుతుందిలే అనిపిస్తే వాంకూవర్ స్టాక్ ఎక్స్చేంజ్ సంగతి చూడండి. 1982 జనవరిలో 1000 దగ్గర కొత్త ఇండెక్స్ (మార్కెట్ మొత్తం ఎటు పోతోందో చూపే సంఖ్య) మొదలుపెట్టారు. ప్రతి లావాదేవీకీ ఇండెక్స్‌ను మళ్లీ లెక్కగట్టి, మూడో దశాంశం తర్వాత ఉన్నదాన్ని రౌండ్ చేయకుండా కోసేసేవాళ్లు. రోజుకి వేలసార్లు ఆ లెక్క జరిగేది, ప్రతిసారీ రవ్వంత కిందికే పోయేది. 1983 నవంబరు నాటికి ఇండెక్స్ దాదాపు 524 చూపించింది. సరిగ్గా లెక్కగడితే అది 1098 దాటి ఉండాలి! మార్కెట్ పెరుగుతుంటే ఇండెక్స్ సగానికి పడింది. అక్కడ తప్పు జరిగింది బైనరీ వల్ల కాదు, కోసేయడం వల్ల. అయినా మనకు వర్తించేది ఒకటే: మధ్యలో పోగొట్టుకున్న రవ్వలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి.

పైథాన్‌లో డెసిమల్ మాడ్యూల్ ఉంది. మామూలుగా 28 అంకెల ఖచ్చితత్వం ఇస్తుంది, మనకు ధారాళం. సంఖ్యను కొటేషన్లలో, అంటే స్ట్రింగ్‌గా ఇవ్వడం మాత్రం మరవకండి. ఉత్త 0.1 ఇస్తే అది ముందే ఫ్లోట్ అయిపోయి ఉంటుంది, డెసిమల్ ఆ తప్పునే యథాతథంగా 0.1000000000000000055 అంటూ కాపీ చేసుకుంటుంది. ఫైలు నుంచి చదివేటప్పుడు కూడా మధ్యలో ఫ్లోట్‌గా మారకుండా చూసుకోండి.

రౌండ్ చేయడం తెర మీద చూపించేటప్పుడే. అక్కడా ఒక మెలిక ఉంది. డెసిమల్ మామూలుగా సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపుకి వెళ్తుంది. 2.665ని రెండు దశాంశాలకి రౌండ్ చేస్తే 2.66 వస్తుంది, బడిలో నేర్చుకున్న పద్ధతిలో 2.67 రావాలి. మీ బ్రోకర్ ఇచ్చే కాగితంతో పైసా తేడా వస్తుంటే ముందు ఈ సెట్టింగ్ చూడండి.

హోల్డింగ్‌లో సగటు ధర దాచకండి. మొత్తం ఖర్చు, మొత్తం యూనిట్లు ఈ రెండే ఉంచండి. 3 యూనిట్లకి మొత్తం 1000 పెట్టారనుకోండి, సగటు 333.33 అని రాసుకుని మళ్లీ 3తో గుణిస్తే 999.99. ఆ పైసా ఎటు పోయిందో తర్వాత వెతుక్కోవాలి. సగటును ఒక ప్రాపర్టీగా పెట్టి, అడిగినప్పుడు భాగించి చెప్పండి.

ఆవర్జా

ఇద్దరికీ చాలా థాంక్స్. మూడుగా విడగొట్టి, అంతా డెసిమల్‌లోకి మార్చేశాను. ఫీఫో, సగటు రెండు క్లాసులూ రాశాను. 540, 420 రెండూ వచ్చాయి. హోల్డింగ్‌ను దాచకుండా ప్రతిసారీ మళ్లీ లెక్కగట్టడం మొదట వింతగా అనిపించింది. ఒక పాత కొనుగోలు ఆలస్యంగా ఎక్కించినప్పుడు మాత్రం అన్నీ వాటంతటవే సర్దుకోవడం చూసి చాలా సంతోషమేసింది.

ఇప్పుడు ఇంకో మూడు. ఉన్నవాటికన్నా ఎక్కువ అమ్మినట్టు ఎంట్రీ వేస్తే ఎవరు ఆపాలి, ట్రాన్సాక్షనా, హోల్డింగా, పోర్ట్‌ఫోలియోనా? స్టాక్ స్ప్లిట్ (ఒక షేరును ఎక్కువ షేర్లుగా విడగొట్టడం), డివిడెండ్ (కంపెనీ షేరుదారులకి పంచే డబ్బు) ఎలా రాయాలి? లాభం శాతం ఎలా చూపించాలి? డబ్బు ఒకేసారి పెట్టలేదు కాబట్టి ఉత్త భాగహారం సరిపోదనిపిస్తోంది.

చిట్టా

ఎవరికి తెలుసో వాళ్లే ఆపాలి. యూనిట్లు సున్నాకన్నా ఎక్కువ ఉండాలి, ధర రుణసంఖ్య కాకూడదు, ఈ రెండూ ట్రాన్సాక్షన్ తనంతట తానే చూసుకోగలదు, పుట్టేటప్పుడే చూసుకోవాలి. చేతిలో 8 ఉంటే 12 ఎలా అమ్ముతావు అన్నది దానికి తెలిసే అవకాశం లేదు. అది హోల్డింగ్‌కే తెలుసు, అదీ వరుసగా చదువుతూ ఆ తేదీ దగ్గరికి వచ్చినప్పుడు. ఈ రోజు మొత్తం మీద సరిపోయినా, ఆ రోజున లేని యూనిట్లు అమ్మినట్టు ఉండొచ్చు. అందుకని చివర ఒక్కసారి చూస్తే చాలదు, ప్రతి అడుగులోనూ చూడాలి. తేడా కనబడితే గమ్మున సున్నా చేయకుండా ఎర్రర్ ఇవ్వండి, అందులో తేదీ, ఇన్‌స్ట్రుమెంట్ పేరు ఉండాలి.

స్ప్లిట్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పెట్టుబడుల ప్రోగ్రామ్‌లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 2020 ఆగస్టు 31న యాపిల్ షేరు ఒకటికి నాలుగు అయింది, టెస్లా అదే రోజు ఒకటికి ఐదు. 2024 జూన్‌లో ఎన్విడియా ఒకటికి పది. స్ప్లిట్‌లో డబ్బు చేతులు మారదు. లాట్‌లో యూనిట్లు నాలుగింతలవుతాయి, ఖర్చు అలాగే ఉంటుంది. అందుకే మొత్తం ఖర్చు దాచమని దశాంశం గారు చెప్పింది ఇక్కడ ఇంకోసారి అక్కరకొస్తుంది: యూనిట్లను గుణిస్తే సరి, ఇంకేమీ ముట్టుకోనక్కర్లేదు. స్ప్లిట్‌ను కూడా తేదీ, నిష్పత్తితో ఒక ట్రాన్సాక్షన్‌గానే రాయండి. పాత కొనుగోళ్ల యూనిట్లను వెనక్కి వెళ్లి మార్చకండి.

ఇప్పుడు అసలు గోతి చెబుతాను. పాత ధరలు ఇచ్చే చాలా సోర్సులు స్ప్లిట్ జరిగాక వెనకటి ధరలన్నిటినీ తగ్గించి చూపిస్తాయి, గ్రాఫ్ తెగిపోకుండా ఉండటానికి. ఒకటికి నాలుగు స్ప్లిట్‌కి ముందు 400 ఉన్న రోజు ధర ఇప్పుడు 100 అని కనబడుతుంది. ఆ రోజున మీ చిట్టాలో 8 యూనిట్లు. 8 × 100 = 800. నిజానికి ఆ రోజు మీ దగ్గరున్నది 3200. ప్రోగ్రామ్ ఎక్కడా ఎర్రర్ ఇవ్వదు, నాలుగో వంతు విలువను నమ్మకంగా చూపిస్తుంది. కాబట్టి ప్రైస్ సోర్స్ క్లాసు తన ధరలు సర్దినవా, అసలువా అన్నది చెప్పాలి. సర్దినవైతే, అడిగిన తేదీ తర్వాత జరిగిన స్ప్లిట్ల నిష్పత్తితో గుణించి అసలు ధర తిరిగి ఇచ్చే బాధ్యత దానిదే. హోల్డింగ్‌కి ఈ గొడవ తెలియకూడదు.

డివిడెండ్ తేలిక. యూనిట్లు మారవు, ఖర్చు మారదు, చేతికి డబ్బు వస్తుంది. ఆ డబ్బుతోనే మళ్లీ యూనిట్లు కొంటే రెండు ఎంట్రీలు వేయండి, ఒక డివిడెండ్, ఒక కొనుగోలు. రెండూ కలిపి ఒకటే వేస్తే ఆదాయం ఎంతో తర్వాత తెలియదు.

ఇప్పుడు చూడండి, ట్రాన్సాక్షన్లలో నాలుగు రకాలయ్యాయి, నాలుగూ హోల్డింగ్‌ను నాలుగు రకాలుగా మారుస్తాయి. షేరు, ఫండ్ దగ్గర అక్కర్లేదన్న ఇన్‌హెరిటెన్స్ ఇక్కడ నిజంగా పనికొస్తుంది. తల్లి క్లాసు ట్రాన్సాక్షన్, దాని కింద కొనుగోలు, అమ్మకం, స్ప్లిట్, డివిడెండ్. ప్రతి దానికీ హోల్డింగ్ మీద అమలు చేసే ఒక మెథడ్. హోల్డింగ్‌లో పెద్ద ఇఫ్-ఎల్‌ఇఫ్ వరుస పోయి, ఒక లూప్, అందులో ఒక్క పిలుపు మిగులుతుంది. అమ్మకానికి ధర ఉంటుంది, స్ప్లిట్‌కి నిష్పత్తి ఉంటుంది, ఒకదాని ఫీల్డ్ ఇంకొకదాంట్లో ఖాళీగా పడి ఉండదు.

శాతం లెక్క నాకన్నా తూకం గారు బాగా చెబుతారు.

తూకం

ఆవర్జా గారి అనుమానం నిజమే. ఏడాది మొదట్లో 1000 పెట్టారు, ఆరు నెలల తర్వాత ఇంకో 1000. ఏడాది చివర విలువ 2200. ఉత్త భాగహారంలో 200/2000, అంటే 10 శాతం. కానీ రెండో 1000 పనిచేసింది సగం ఏడాదే. ఏ వార్షిక రేటుతో పెరిగితే మొదటి 1000, రెండో 1000 కలిసి సరిగ్గా 2200 అవుతాయో ఆ రేటు వెతికితే దాదాపు 13.5 శాతం వస్తుంది. మొదటిది 1135 దాకా, రెండోది 1065 దాకా పెరుగుతాయి, కూడి చూసుకోండి. స్ప్రెడ్‌షీట్‌లో దీన్ని ఎక్స్ఐఆర్ఆర్ అంటారు.

దీనికి నేరుగా సూత్రం లేదు, వెతకాలి. న్యూటన్ పద్ధతి వేగంగా పోతుంది కానీ మొదటి అంచనా దూరంగా ఉంటే ఎటో వెళ్లిపోతుంది. నేను బైసెక్షన్ వాడమంటాను: మైనస్ 99 శాతం ఒక కొస, 1000 శాతం ఇంకో కొస, ప్రతిసారీ మధ్యలో చూసి సరైన సగం ఉంచుకోవడం. 60 అడుగుల్లో కావాల్సినదానికన్నా ఎక్కువ ఖచ్చితత్వం వస్తుంది. ఈ ఒక్క చోట ఫ్లోట్ వాడినా ఇబ్బంది లేదు, ఇది డబ్బు కాదు, రేటు. మధ్యమధ్యలో డబ్బు తీసి మళ్లీ పెడుతుంటే ఒకటికన్నా ఎక్కువ జవాబులు రావచ్చని మాత్రం గుర్తుంచుకోండి.

ఏడాది నిండని పెట్టుబడికి ఈ సంఖ్య చూపించొద్దు. పది రోజుల్లో 5 శాతం వస్తే, దాన్ని ఏడాదికి లెక్కగడితే 490 శాతం దాటుతుంది. చూసినవాళ్లు మోసపోతారు. ఏడాదిలోపు అయితే వచ్చిన 5 శాతమే చూపండి.

దీన్ని హోల్డింగ్ లోపల మెథడ్‌గా పెట్టకండి. తేదీ, డబ్బు జతల జాబితా ఇస్తే రేటు చెప్పే మామూలు ఫంక్షన్ చాలు. అన్నిటికీ క్లాసు ఉండాలని ఎవరూ అనలేదు. ఒక షేరుకీ, మొత్తం పోర్ట్‌ఫోలియోకీ అదే ఫంక్షన్ పనికొస్తుంది.

పరీక్షకుడు

టెస్టుల గురించి ఎవరూ అనలేదు కాబట్టి రెండు మాటలు.

చిట్టా గారి లెక్కలోనే మంచి టెస్ట్ ఉంది. 12 అమ్మాక ధర 150 దగ్గరే ఉందనుకోండి. ఫీఫోలో వచ్చిన లాభం 540, మిగిలిన 8 మీద కాగితం లాభం 160. సగటులో 420, 280. రెండు చోట్లా మొత్తం 700. మూడో దారిలో చూడండి: పెట్టింది 2300, వచ్చింది 1800, చేతిలో ఉన్నదాని విలువ 1200, తేడా 700. ఏ కాస్ట్ మెథడ్ వాడినా ఈ మొత్తం మారకూడదు. కాబట్టి యాదృచ్ఛికంగా వందల కొనుగోళ్లు, అమ్మకాలు తయారుచేసి, రెండు పద్ధతుల్లోనూ మొత్తం ఒకటే వస్తోందా అని చూసే టెస్ట్ రాయండి. డెసిమల్‌లో కూడా సగటు పద్ధతిలో భాగహారం ఉంది కాబట్టి ఎక్కడో ఇరవయ్యో దశాంశంలో తేడా రావచ్చు, పైసాకి రౌండ్ చేసి పోల్చండి.

పోర్ట్‌ఫోలియోలు రెండు పెడితే ఇంకోటి చూసుకోండి. ట్రాన్సాక్షన్ల లిస్టును క్లాసు స్థాయిలో రాసినా, కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు నడిచే మెథడ్) ఆర్గ్యుమెంట్‌కి డిఫాల్ట్‌గా ఖాళీ లిస్టు ఇచ్చినా, ఆ లిస్టు ఒక్కటే పుడుతుంది, ఆబ్జెక్టులన్నీ దాన్నే పంచుకుంటాయి. ఒకదాంట్లో ఎంట్రీ వేస్తే రెండోదాంట్లోనూ కనబడుతుంది. లిస్టును కన్‌స్ట్రక్టర్ లోపల సెల్ఫ్ మీద తయారుచేయాలి. డేటాక్లాస్ అయితే ఫీల్డ్‌కి డిఫాల్ట్ ఫ్యాక్టరీ (ప్రతి ఆబ్జెక్ట్‌కీ కొత్త లిస్టు చేసిచ్చేది) ఇవ్వాలి. రెండు ఖాళీ పోర్ట్‌ఫోలియోలు చేసి, ఒకదాంట్లో కొనుగోలు వేసి, రెండోది ఇంకా ఖాళీగానే ఉందా అని చూసే టెస్ట్ ఒకటి పెట్టండి.

ఆవర్జా

నాలుగు ట్రాన్సాక్షన్ క్లాసులూ పెట్టాను, పెద్ద ఇఫ్ వరుస పోయింది. 700 టెస్ట్ పాసయింది, చాలా ధైర్యం వచ్చింది. ఇంకొక్క సందేహం. ఒకే తేదీన కొని, అదే తేదీన అమ్మితే? తేదీ వరుసలో పెడితే కొన్నిసార్లు అమ్మకం ముందు పడి, యూనిట్లు లేవని ఎర్రర్ వస్తోంది.

చిట్టా

తేదీ ఒక్కటీ చాలదు. ప్రతి ట్రాన్సాక్షన్‌కీ ఎక్కించిన క్రమం చెప్పే ఒక వరుస సంఖ్య ఇవ్వండి, సార్ట్ చేసేటప్పుడు తేదీ ముందు, అది తర్వాత. పైథాన్ సార్ట్ సమానమైనవాటి క్రమం చెడగొట్టదు. కాబట్టి ఫైల్లో ఉన్న వరుసలోనే చదువుతుంటే సంఖ్య లేకపోయినా నడుస్తుంది, కానీ రేపు డేటాబేస్‌కి మారితే ఆ భరోసా ఉండదు. స్ప్లిట్‌కి మాత్రం ప్రత్యేకం: అది మార్కెట్ తెరవక ముందే అమల్లోకి వస్తుంది, కాబట్టి ఆ తేదీన ఎప్పుడు ఎక్కించినా అన్నిటికన్నా ముందు రావాలి. సార్ట్ కీలో తేదీకీ వరుస సంఖ్యకీ మధ్య ఇంకో అంకె పెట్టి, స్ప్లిట్‌కి 0, మిగతావాటికి 1 ఇవ్వండి.